వెర్నా చేసింది పనే

పదకొండో భాగం

పోయిన వారం వెర్నా స్టకీని వంటింటి బల్ల దగ్గర, పన్ను ఆఫీసు ఉత్తరం చేతిలో పట్టుకుని ఉండగా వదిలేశాం. ఆవిడకు అరవై తొమ్మిదేళ్లు. కాల్డర్ క్రీక్ బడిలో ముప్పై మూడేళ్లు నాలుగో తరగతికి పాఠాలు చెప్పి రిటైరైంది. మొగుడు వేన్ పోయి ఎనిమిదేళ్లు. ఊళ్లో ఆడవాళ్లు గుడ్డముక్కలు అతికి తెచ్చే బొంత పైపొరకు లోపల దూది, అడుగున అస్తరు వేసి, పన్నెండడుగుల మిషను మీద కుట్టి ఇస్తూ నాలుగేళ్లకు పైగా నాలుగు రాళ్లు వెనకేసుకుంటోంది. కూలి చదరపు అంగుళానికి రెండు సెంట్లు.

2023లో ఇలా సంపాదించిన దానిమీద స్వయం ఉపాధి పన్ను కట్టలేదని, వడ్డీతో కలిపి పన్నెండు వందల చిల్లర కట్టమని ఆ ఉత్తరం. ఒక్క ఏడాదికే ఇంతైతే మిగతా ఏళ్లు తవ్వితే ఎంతవుతుందోనని వెర్నా లెక్క వేసుకుంది. లెక్క తేలక, భయం మాత్రం తేలింది. మిషనును తొమ్మిది వేల డాలర్లకు బేరం పెట్టింది. వూస్టర్ నుంచి ఒకాయన మంగళవారం సాయంత్రం ఐదింటికి ట్రక్కు తెస్తానన్నాడు.

ఆ మంగళవారం ఈ రోజే. 2025 ఏప్రిల్ పదిహేను, పన్ను కాగితాలు వేయడానికి ఆఖరి రోజు.

పన్ను కాగితాలు చూసే డార్సీ ఆఫీసు లాండ్రీ పక్కన ఉంటుంది. గోడకు అవతల బట్టలారబెట్టే మిషన్లు తిరుగుతుంటే ఇవతల కాఫీ కప్పులు సన్నగా వణుకుతుంటాయి. ఏడాదంతా ఆ కుర్చీలు ఖాళీ. ఈ ఒక్క రోజు మాత్రం గోడ వారగా నిలబడ్డానికి కూడా చోటుండదు. వెర్నా పన్నెండింటికి వచ్చింది. పన్నెండూ నలభైకి పిలుపొచ్చింది.

"టీచర్, మీరు రండి."

డార్సీకి నలభై అయిదేళ్లు. వెర్నా దగ్గర నాలుగో తరగతి చదివింది. ఏడో ఎక్కం అప్పజెప్పమంటే గట్టిగా కళ్లు మూసుకునేది. అలాంటి పిల్ల ఇప్పుడు ఊరందరి లెక్కలూ చూస్తోంది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా వెర్నాకు తన జీతం ఊరికే పోలేదనిపిస్తుంది.

"చూడు డార్సీ, నాకు వివరాలొద్దు. నాలుగేళ్లదీ కలిపి మొత్తం ఎంతవుతుందో చెప్పెయ్. సాయంత్రానికి నా దగ్గర తొమ్మిది వేలుంటాయి. సరిపోతాయా, లేదా? అంతే."

"తొమ్మిది వేలు ఎక్కణ్ణుంచి?"

"మిషను అమ్మేస్తున్నా."

డార్సీ కలం కింద పెట్టేసింది. "మా అమ్మ బొంత మీ దగ్గరే ఉంది కదా టీచర్!"

"నిన్ననే అయిపోయింది. కారులో ఉంది. నీ కంగారు పాడుగాను, ముందు నా సంగతి చూడు."

డార్సీ నవ్వి, 2023 కాగితాలు తీసింది. రెండో పేజీ దగ్గర ఆగింది. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది.

"ఇక్కడ హాబీ అని రాసిందెవరు?"

"హార్లన్."

"మేత కొట్టు హార్లనా?"

"ఆయనే. ఫిబ్రవరిలో చర్చి హాల్లో కూర్చుని ముసలివాళ్లందరికీ ఉచితంగా రాసిపెడతాడు కదా. నేను ఆపిల్ పై ఒకటి చేసి తీసుకెళ్తాను."

హార్లన్ గ్రేబర్ మేత కొట్టులో ముప్పై ఏళ్లు పద్దులు రాసిన మనిషి. వయసు డెబ్బై నాలుగు. ఆయన సిద్ధాంతం ఒకటే: రిటైరైన మనిషి చేసేది పని కాదు, కాలక్షేపం. కాలక్షేపానికి వచ్చిన డబ్బు మీద ఆదాయపు పన్ను కడితే చాలు, పైన స్వయం ఉపాధి పన్నంటూ ఇంకో పదిహేను శాతం దండగ. ఆ మాట వినడానికి బాగుంది. బాగున్నందుకే నాలుగేళ్లపాటు ఎవరూ దాన్ని తిరగేసి చూడలేదు.

"మీరు బడిలో ఉన్నన్నాళ్లూ మీ జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి కోత లేదు కదా?" అని అడిగింది డార్సీ.

"ఒహాయోలో ఏ టీచరుకుంది? మా పెన్షన్ వేరే."

"మరి వేన్ సార్‌కి?"

"ఆయనా టీచరేగా. మీ అన్నకి వడ్రంగం నేర్పింది ఆయనే. మీ ఇంట్లో ఆ వంకర స్టూలు ఇంకా ఉందా?"

"ఉంది. దాని మీద పిల్లి కూడా కూర్చోదు." డార్సీ కళ్లు మాత్రం కాగితం మీదే ఉన్నాయి. "టీచర్, మెడికేర్ బీమాలో ఆసుపత్రి భాగానికి మీరు నెలకెంత కడుతున్నారు?"

"అయిదు వందల పద్దెనిమిది. ఎందుకూ?"

డార్సీ లేచి వెళ్లి తలుపు వేసి వచ్చింది. బయట కూర్చున్న వాళ్లలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

"వయసులో ఉండగా ఎక్కడైనా పని చేశారా? బడి కాకుండా?"

"కాలేజీ సెలవుల్లో టొమాటోలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో చేశా. తర్వాత రెండేళ్లు బట్టల షాపులో. పెళ్లయ్యాక కూడా వేసవిలో ఐస్‌క్రీం బండి మీద. ఎందుకే ఇవన్నీ?"

"ఆ కాగితం తెచ్చారా? సోషల్ సెక్యూరిటీ వాళ్లు పంపేది?"

వెర్నా టీచరు. అడగని కాగితాలు కూడా తెస్తుంది. సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆ సర్కారు పెన్షన్‌కి కోత పడిన సంపాదన లెక్కన ఏటా కొన్ని క్రెడిట్లు జమవుతాయి. డార్సీ వేలు ఒక అంకె దగ్గర ఆగింది.

"ఇరవై ఏడు క్రెడిట్లు. నలభై ఉంటే ఆ అయిదు వందల పద్దెనిమిది కట్టక్కర్లేదు. సున్నా. పైగా చిన్న పెన్షన్ కూడా మొదలవుతుంది. టీచర్ల పెన్షన్ ఉంటే దాన్ని కోసేవాళ్లు, ఆ కోత ఈ జనవరిలోనే తీసేశారు."

"నలభై లేవుగా నాకు."

"మీకు లేవని ఎవరన్నారు? సంపాదనను బట్టి ఏడాదికి నాలుగు దాకా ఇస్తారు. స్వయం ఉపాధి పన్ను కడితే."

వెర్నా కుర్చీలో వెనక్కి వాలింది. గోడకు అవతల బట్టల గుండీలు టకటకమంటూ ఏదో మిషను గిరగిరా తిరుగుతోంది. నలభైకి తక్కువైన పదమూడు ఎక్కడి నుంచి వస్తాయో మనసులో కూడుకుంటూ అడిగింది.

"అయితే ఇది జరిమానా కాదా?"

"జరిమానాలా కనబడుతుంది. కానీ మీరు కడుతున్నది మీ ఖాతాలోకే వెళ్తుంది."

"కొనుక్కోవడం అన్నమాట."

"అంతే అనుకోండి."

సరుకు కొనేటప్పుడు మనిషి ముఖం వేరే ఉంటుంది. అప్పు తీర్చేటప్పటి ముఖం ఇంకోలా ఉంటుంది. వెర్నా ముఖం ఆ ఉదయమంతా రెండో రకంగా ఉండి, ఇప్పుడు మొదటి రకానికి తిరిగింది. ఆవిడ సంచి ఒళ్లోకి లాక్కుంది.

"ఏ ఏడాదికి ఎన్నొస్తాయో చెప్పు."

"ఒక్క చిక్కుంది. ఏడాది అయిపోయాక మూడేళ్ల మూడు నెలల పదిహేను రోజుల్లోపు కాగితం వెయ్యాలి. ఆ తర్వాత పన్ను కట్టినా క్రెడిట్ ఎక్కదు. 2021కి ఆ గడువు ఈ రోజు. అది కంప్యూటర్లో వెళ్లదు, కాగితం మీదే పంపాలి. పోస్టాఫీసు అయిదింటికి మూస్తారు."

అప్పుడే తలుపు తోసుకుని హార్లన్ వచ్చాడు. పాత కాగితాలు తెమ్మని ఉదయం వెర్నాయే ఫోను చేసి చెప్పింది. చంకలో లావుపాటి ఫైలు, నెత్తిన విత్తనాల కంపెనీ టోపీ.

"బయట జనం నన్ను తినేసేలా చూస్తున్నారు," అంటూ కూర్చున్నాడు. "ఆ ఉత్తరం పట్టుకుని ఇంత రాద్ధాంతం చేస్తున్నావేంటి వెర్నా? దానికి జవాబు రాస్తే పోతుంది. కాలక్షేపమని మళ్లీ రాస్తాను, ఇంకాస్త గట్టిగా."

"నువ్వేం రాయక్కర్లేదు."

"నీకు ఏడాదికి తొమ్మిది వందలు మిగిల్చాను. దానికి ఇదా మర్యాద?"

"తొమ్మిది వందలు మిగిల్చారు హార్లన్‌గారూ," అంది డార్సీ మెల్లగా. "ఆవిడ ఆసుపత్రి బీమాకి ఏడాదికి ఆరు వేల రెండు వందలు కడుతున్నారు. ఆ తొమ్మిది వందలు కట్టుంటే ఈ పాటికి ఆ ఆరు వేలూ కట్టక్కర్లేకపోయేది."

హార్లన్ టోపీ తీశాడు. ఆయన జీవితమంతా రెండు వరుసల అంకెలు పక్కపక్కనే పెట్టి చూసిన మనిషి. ఒక వరుసే చూశావని ఎవరైనా అంటే ఆయనకు తిట్టినట్టే లెక్క.

"నాకు ఆవిడ క్రెడిట్ల సంగతేం తెలుసు?"

"అడిగావా?" అంది వెర్నా. "నాలుగేళ్లు నా ఎదురుగా కూర్చుని నేను చేసిన ఆపిల్ పై తిన్నావు. ఒక్కసారైనా 'నీకెన్ని ఉన్నాయి వెర్నా' అని అడిగావా? నువ్వు రాసిందల్లా ఒకటే. కాలక్షేపం. పోయిన చలికాలం ఆ మిషను దగ్గర నిలబడి నిలబడి మోకాలు వాచింది. కాలక్షేపానికి ఎవరికైనా మోకాళ్లు వాస్తాయా హార్లన్?"

"అది మాట వరసకి..."

"మాట వరస కాదు. నువ్వు నమ్మావు, నన్నూ నమ్మించావు. రిటైరైపోయాను కాబట్టి నేను చేసేది పని కాదని నేనే అనుకున్నా."

హార్లన్ టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు. ఫైలు బల్ల మీద పెట్టి డార్సీ వైపు తోశాడు. "2021 అడుగునుంది అమ్మాయ్. కానియ్."

వెర్నా పద్ధతి ఇది: ఒక్కో బొంతకు ఒక్కో కార్డు. కొలతలు, రేటు, దారం రంగు, డబ్బు ముట్టిన తేదీ. మొత్తం కార్డులు తెచ్చింది. దారం, దూది, సూదులు, మిషను రిపేరు, తిరిగిన మైళ్ల పుస్తకం కూడా. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. వెర్నా చదివింది, హార్లన్ కూడాడు, డార్సీ కంప్యూటర్లో ఎక్కించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా హార్లన్ నోటితో కూడుతుంటే డార్సీ కంప్యూటరు కంటే అరక్షణం ముందే ఉన్నాడు. దాంతో గదిలో గాలి కొంచెం తేలికైంది.

2022లో తుంటి ఆపరేషను. ఆ ఏడాది పని తక్కువ, ఒక్క క్రెడిటే. 2023కి నాలుగు. 2024కి నాలుగు. అక్కడికి ముప్పై ఆరు. ఇక 2021 ఒక్కటే మిగిలింది, దానికి నాలుగూ రావాలి.

"ఖర్చులు పోను ఆరు వేల మూడు వందల నలభై," అన్నాడు హార్లన్.

డార్సీ దాన్ని ఎక్కించింది. తెర వైపు చూసింది. ఇంకోసారి ఎక్కించింది.

"ఏమైంది?" అంది వెర్నా.

"ఇందులో తొంభై రెండు పాయింట్ మూడు అయిదు శాతమే లెక్కలోకి తీసుకుంటారు. అయిదు వేల ఎనిమిది వందల యాభై అయిదు వస్తోంది. ఆ ఏడాది నాలుగు క్రెడిట్లకి అయిదు వేల ఎనిమిది వందల ఎనభై కావాలి."

"అంటే?"

"పాతిక డాలర్లు తక్కువ. మూడే వస్తాయి. మొత్తం ముప్పై తొమ్మిది."

హార్లన్ ముందుకు వంగాడు. "ఓ ముప్పై డాలర్ల దారం రసీదు పక్కన పెడితే సరి."

"పెట్టం," అంది డార్సీ. "ఖర్చు ఖర్చే. ఉన్నది దాచితే అబద్ధమవుతుంది. ఇన్నాళ్లూ ఖర్చులు పెంచడానికి నా కాళ్లు పట్టుకున్నవాళ్లని చూశాను కానీ, తగ్గించమన్నవాళ్లని చూడటం ఇదే మొదలు."

"నేనూ ఒప్పుకోను," అంది వెర్నా. "ముప్పై తొమ్మిదైతే ముప్పై తొమ్మిదే. ఇంకో ఏడాది కుడతాను." ఆ మాట అన్నాకే మిషను సంగతి గుర్తొచ్చింది. ఐదింటికి ట్రక్కు వస్తుంది. దేని మీద కుడుతుంది?

కార్డుల కట్టను సర్దడానికి హార్లన్ చేతిలోకి తీసుకున్నాడు. సర్దుతూ అడుగున రబ్బరు బ్యాండు కింద విడిగా ఉన్న ఒక కార్డును లాగాడు.

"ఇది కూడలేదే. హెలెన్ మాస్ట్. నూట ఎనిమిది బై నూట పది."

"అది డబ్బుకి కాదు," అంది వెర్నా. "హెలెన్ సగం పంది ఇచ్చింది. కోసి, కాగితాల్లో చుట్టి, నా ఫ్రీజర్ నిండా పెట్టి వెళ్లింది. డబ్బు ముట్టలేదు కాబట్టి వేరే పెట్టా. నువ్వే అన్నావు, మాంసం డబ్బు కాదు, రాయకు అని."

డార్సీ కుర్చీలోంచి సగం లేచింది. "సగం పంది ఎంతకి చెల్లు వేసుకున్నారు టీచర్? కార్డు మీద ఉందా?"

"నేను చెల్లు రాయకుండా ఎప్పుడైనా పని చేశానా? రెండు వందల ముప్పై ఏడు డాలర్ల అరవై సెంట్లు. అంగుళానికి రెండు సెంట్లు. హెలెన్ మాంసం ధర కూడా సరిగ్గా అంతే తేలింది, ఇద్దరం కూర్చుని లెక్క కట్టాం."

"సరుకు ఇచ్చి సరుకు పుచ్చుకున్నా ఆదాయమే. ఆ వేళ బజారు ధర ఎంతో అంత రాయాలి. రాయకపోవడమే తప్పు!"

హార్లన్ అప్పటికే కూడేశాడు. "ఆరు వేల అయిదు వందల డెబ్బై ఏడు, అరవై సెంట్లు."

డార్సీ ఎక్కించింది. ఈసారి ఒక్కసారే. "ఆరు వేల డెబ్బై నాలుగు. నాలుగు క్రెడిట్లు." కుర్చీ తిప్పి వెర్నా వైపు చూసింది. "నలభై టీచర్. సరిగ్గా నలభై."

వెర్నా రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని డార్సీ కంగారు పడింది. ఆవిడ నవ్వుతోంది. భుజాలు ఊగిపోయేలా, శబ్దం లేకుండా.

"ఆ పంది తొడ నువ్వే తిన్నావు హార్లన్," అంది చివరికి. "ఈస్టర్‌కి మా ఇంట్లో. రెండుసార్లు వడ్డించుకున్నావు."

"మూడుసార్లు," అన్నాడు హార్లన్ నేల చూపులు చూస్తూ. "బాగుంది మరి."

ఆ తర్వాత మిగిలింది కూడికలే. నాలుగేళ్ల స్వయం ఉపాధి పన్ను మూడు వేల అయిదు వందల డెబ్బై ఒకటి. హార్లన్ ఖర్చులేవీ తీయకుండా వచ్చిందంతా ఆదాయమని రాసినందువల్ల ఎక్కువ కట్టిన ఆదాయపు పన్నులో వెయ్యి పైన వెనక్కి వస్తుంది. వడ్డీ కలిపినా చేతి నుంచి పడేది మూడు వేల లోపే. అంత డబ్బు వెర్నా బ్యాంకులో ఉంది, మిషను జోలికి పోనవసరం లేదు. బీమా డబ్బు ఆగిపోతే ఆ మూడు వేలు ఆరు నెలలు తిరక్కుండానే తిరిగొస్తాయి.

కాగితం మీద పని పేరు రాసే గడి దగ్గర డార్సీ ఆగింది. "ఏమని రాయమంటారు?"

వెర్నా ఆలోచించలేదు. "బొంతలు కుట్టడం."

సంతకాలయ్యాయి. డార్సీ కవరు మూసి, రిజిస్టరు చీటీ అంటించింది. వెర్నా ఫోను తీసి వూస్టర్ ఆయనకు చేసింది.

"నేను వెర్నా స్టకీని. మీరింకా ట్రక్కు తియ్యలేదు కదా? మంచిది. మిషను అమ్మటం లేదు."

అవతలి మాట ఫోన్లోంచి బయటికి వినిపించింది. "మాటిచ్చారు కదమ్మా! ఇంకో వెయ్యి వేసుకోండి పోనీ."

"అడ్వాన్సు పుచ్చుకోలేదు కాబట్టి మీకు నష్టం లేదు. మాట తప్పినందుకు క్షమించండి. మీ ఆవిడకి కుట్టాల్సిన బొంతలుంటే తీసుకురండి, మొదటిది అంగుళానికి ఒకటిన్నర సెంటుకి కుడతా."

అటువైపు ఆయన అడిగాడు. "పెద్ద సైజు కూడానా?"

"ఏ సైజైనా."

ఫోను పెట్టేసి వెర్నా కోటు వేసుకుంది. పన్ను కట్టడానికి వచ్చి గిరాకీ తెచ్చుకుని వెళ్తున్న మనిషిని చూడటం డార్సీకి కూడా కొత్తే. వెర్నా గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది.

"హార్లన్, నాలాంటి వాళ్లు ఇంకెంతమందికి కాలక్షేపమని రాశావు?"

హార్లన్ వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "జామ్‌లు చేసే ట్వైలా. మొగుడికి నలభై ఉన్నాయి కాబట్టి ఆమెకేం ఇబ్బంది లేదు. పక్షుల గూళ్లు చెక్కే ఎల్డన్. రైల్వే పెన్షన్, వాడి సంగతే వేరు. తర్వాత..." మూడో వేలు మడవబోయి ఆగిపోయాడు. ముఖంలో రంగు దిగిపోయింది.

"ఎవరు?"

"ఆర్డిత్."

ఆర్డిత్ ఆయన చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. బడి వంటగదిలో ఇరవై ఎనిమిదేళ్లు వండింది. ఆ ఉద్యోగంలోనూ సోషల్ సెక్యూరిటీ కోత ఉండదు. రిటైరయ్యాక గుడ్లు, పిండి కలిపి నూడుల్స్ చేసి శనివారం సంతలో అమ్మేది. 2021లో ఏడాది పొడుగునా అమ్మింది, తర్వాత మణికట్లు పని చేయక మానేసింది.

"ఆమెకెన్ని?" అంది డార్సీ, అప్పటికే కుర్చీలో కూర్చుంటూ.

"ముప్పై ఆరు, బడికి ముందు చేసిన పనులవి. బీమాకి నెలకి రెండు వందల ఎనభై అయిదు కడుతోంది. అది మాత్రం నాకు తెలుసు."

"2021లో ఖర్చులు పోను ఎంత?"

"ఏడు వేల పైన." హార్లన్ ఫైలు తెరిచాడు. అట్టకు లోపలివైపు చెల్లెలి కాగితాలు విడిగా పిన్ను పెట్టి ఉన్నాయి. నూడుల్స్ పద్దు కూడా ఉంది. "అంతా ఉంది. రాసింది నేనే. నేనే హాబీ అని రాశాను."

గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. డార్సీ వేళ్లు అప్పటికే కదలడం మొదలుపెట్టాయి. "పావుగంట ఇవ్వండి. కానీ సంతకం ఆవిడే పెట్టాలి. ఎక్కడున్నారు?"

"చర్చి వాళ్లతో బస్సులో ఇండియానా వెళ్లింది. ఇవాళ తిరిగొస్తున్నారు." హార్లన్ గొంతు తగ్గించాడు. "నేను ఫోను చేస్తే ఎత్తదు. రెండేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు. అమ్మ పొలం అమ్మినప్పటి నుంచీ."

వెర్నాయే చేసింది. ఫోను మూడోసారి మోగాక ఆర్డిత్ ఎత్తింది. వెనక బస్సు హోరు, ఎవరో పాట పాడుతున్నారు. వెర్నా సంగతంతా చెప్పింది, ముక్కుసూటిగా, అంకెలతో సహా. ఆర్డిత్ అంతా వింది. అయ్యాక అడిగింది.

"వాడు అక్కడే ఉన్నాడా?"

"ఇక్కడే ఉన్నాడు. వింటున్నాడు."

"అయితే వాడికీ వినబడేలా చెప్తా. మా బస్సు నాలుగుంపావుకి మాన్స్‌ఫీల్డ్‌లో పెట్రోలు బంకు దగ్గర ఆగుతుంది. పది నిమిషాలు. బంకుకి ఎదురుగానే పోస్టాఫీసు ఉంది. కాగితం వాడే తేవాలి. వాడొక్కడే. నువ్వు తేవద్దు వెర్నా, నీ మీద కోపం లేదు నాకు. అమ్మ పొలం ఎంతకి అమ్మాడో నా ముఖం చూసి చెబితే సంతకం పెడతాను. లేదంటే ఆ రెండు వందల ఎనభై అయిదు నేను చచ్చేదాకా కట్టుకుంటాను."

ఫోను ఆగిపోయింది. ప్రింటరు మొదటి పేజీని బయటికి తోసింది, తర్వాత రెండోది. డార్సీ వాటిని పిన్ను కొట్టి, కవరులో పెట్టి, హార్లన్ ముందు చాచింది.

"ఇప్పుడు బయల్దేరితే యాభై నిమిషాలు. మీకు టైముంది."

హార్లన్ చెయ్యి చాచలేదు. టోపీ ఒళ్లో పెట్టుకుని కవరు వంక చూస్తున్నాడు.

"పట్టుకో హార్లన్," అంది వెర్నా. "ధర చెప్పడానికి అంత ఆలోచనేంటి? రాతకోతలన్నీ నీ దగ్గరే ఉన్నాయి కదా."

"ఉన్నాయి," అన్నాడు హార్లన్. "రెండు రకాలవి ఉన్నాయి వెర్నా. ఆర్డిత్‌కి చూపించింది ఒకటి, అసలు ధర ఉన్నది ఇంకొకటి."